మేక మేసిన శంఖుపూల తీగ

బుల్లెమ్మ పెరట్లో పనికిమాలినది ఒక్కటే ఉందని పెరటి జనమంతా ఎప్పుడో తీర్మానించేశారు. అది వెనక దడి మీద అల్లుకున్న శంఖుపూల తీగ.

"కూరకి రాదు, నారకి రాదు," అన్నాడు గడ్డాలయ్య. గడ్డాలయ్య అంటే మేకపోతు. బుద్ధి కంటే గడ్డం ముందు పెరగడంతో తను పెద్దమనిషినని అతని నమ్మకం. "కాయ చూస్తే చిక్కుడుకి తమ్ముడిలా ఉంటుంది. గింజ నమిలితే మాత్రం రెండు రోజులు కడుపు జాడిస్తుంది. పోనీ పువ్వా అంటే వాసన లేదు. మరి ఆ బుల్లెమ్మ గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ తెచ్చి దాని మొదట్లోనే ఎందుకు పోస్తుందో!"

"చూడ్డానికి బాగుంటుందని," అంది చుక్కమ్మ.

"చూడ్డానికి నేను లేనూ?"

పాకలో పడుకున్న మైలయ్య తాత ఒక చెవి విదిల్చి ఊరుకున్నాడు. మైలయ్య ముసలి ఎద్దు. ఆ పెరట్లో అందరికంటే పాతకాపు. గడ్డిలాగే మాటని కూడా బాగా నెమరు వేసి గానీ బయటికి తీసేవాడు కాదు.

చుక్కమ్మ తెల్ల చుక్కలున్న నల్ల కోడిపెట్ట. నిరుడు పుట్టింది, ఈ వేసవిలోనే తొలిసారి తల్లయింది. అంతకుముందు పెట్టిన గుడ్లన్నీ బుల్లెమ్మ పెట్టిన వేడి మీదే తీసుకుపోయి పులుసు పెట్టుకుంది. ఈసారి చుక్కమ్మ తెలివి తెచ్చుకుని దొంగగుడ్లు పెట్టింది. ఎక్కడా? ఆ పనికిమాలిన తీగ వెనకే. ఆకులు ఎంత దట్టంగా ఉన్నాయంటే బుల్లెమ్మ రోజూ అడుగు దూరంలో నిలబడి నీళ్ళు పోసింది గానీ లోపల కూర్చున్న పెట్టని కనిపెట్టలేదు. ఒకనాడు పొద్దున్నే తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని చుక్కమ్మ ఠీవిగా బయటికి నడిచొచ్చింది. బుల్లెమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

"ఓసి దొంగపెట్టా!" అని నవ్వి, అప్పటికప్పుడు పిడికెడు నూకలు చల్లింది.

ఆ రోజు నుంచి చుక్కమ్మ బతుకు పండగే. పొద్దున్నంతా పిల్లలకి చీమల్నీ పురుగుల్నీ చూపించడం, ఎండెక్కితే తీగ నీడకి చేరడం. నీలం పూలు రాలి పిల్లల నెత్తిన పడుతుంటే అవి అదిరిపడి తల్లి రెక్కల కింద దూరేవి. కాసేపటికి తలలు బయటపెట్టి ఆ పూలనే పొడుచుకునేవి. ఇంతకంటే ఇంకేం కావాలి నాకు, అనుకునేది చుక్కమ్మ. సందెవేళ బుల్లెమ్మ వచ్చి తల్లినీ పిల్లల్నీ పాకలో గంప కింద కమ్మేది.

ఆ తీగకి ఇంకో సంగతి ఉంది. దడికి ఆ మూల రాట ఎప్పుడో గాలివానకి పడిపోయి, కంప పుచ్చిపోయి, ఒక మనిషి వంగి దూరేంత కంత ఏర్పడింది. "వచ్చే ఆదివారం కంప కొట్టిస్తాను," అంది బుల్లెమ్మ అప్పట్లో. ఆ ఆదివారం ఇంతవరకూ రాలేదు. ఈలోగా తీగే పుల్ల నుంచి పుల్లకి పాకి, దాని మీద అదే మెలికలు తిరిగి, ఆ కంతని మూసి కూర్చుంది. అంటే ఆ మూల దడి లేదు, ఉన్నదల్లా తీగే.

ఈ సంగతి చుక్కమ్మకి తెలుసు. ఏటి అవతల గుట్టలో కాపురం ఉండే నక్కబావకీ తెలుసు.

నక్కబావ ఆ చుట్టుపక్కల మేకలన్నిటికీ బావ, కోళ్ళన్నిటికీ అన్నయ్య. వరస కలపకుండా ఎవర్నీ తిన్నవాడు కాదు. కోడిపిల్లల వాసన తగిలిన నాటి నుంచీ దడి చుట్టూ తిరిగి, చివరికి ఆ మూల ముక్కు పెట్టి చూశాడు. మెలిపడిన తీగలు ముక్కుని పట్టుకున్నంత పని చేశాయి. తల పడితే కదా ఒళ్ళు పట్టేది! వెనక్కి తగ్గి, దడి సందులోంచి గడ్డాలయ్యని చూశాడు.

అప్పటికి రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. పెరట్లో పచ్చగా మిగిలింది బుల్లెమ్మ నీళ్ళు పోసే ఆ తీగ ఒక్కటే. గడ్డాలయ్య ముందు ఎండిన కందిపుల్లలు పడున్నాయి.

"బావా, ఏంటలా చిక్కిపోయావ్?" అన్నాడు నక్కబావ జాలిగా. "గడ్డం తప్ప మనిషి కనిపించడం లేదు."

"కందిపుల్లలు తింటే ఏం మిగులుతుంది బావా, గడ్డమే మిగులుతుంది."

"అయ్యో, పక్కనే అంత పచ్చిమేత పెట్టుకునా? ఆ బుల్లెమ్మకి నీ కడుపు కంటే పూలెక్కువా? నువ్వు కాబట్టి ఊరుకున్నావు గానీ, మా వైపు మేకపోతులైతే తాడు కొరికేసి ఈపాటికి..."

"నేనూ కొరకగలను!"

"కొరకలేవని నేనన్నానా? పెద్దమనిషివి, కొరకవు అంటున్నాను."

దుమ్ములో పొర్లుతున్న చుక్కమ్మ గబుక్కున లేచింది. నక్కబావ పొడి గడ్డిలో కలిసిపోయాడు.

"మేకన్నా, వాడు మాంసం తినేవాడు. వాడికి నీ ఆకుల బెంగ దేనికో ఒక్కసారి ఆలోచించు," అంది.

"నా కడుపు సంగతి నాకు ఒకరు చెప్పాలా?"

"కడుపు కాదన్నా, కంత. ఆ తీగ పోతే అక్కడ దడి లేదు."

"నీకు పిల్లలు పుట్టాక ప్రతిదీ భయమేనే," అని గడ్డాలయ్య గడ్డం అటు తిప్పుకున్నాడు.

సంత రోజు బుల్లెమ్మ పొద్దున్నే బుట్ట తీసుకుని వెళ్ళింది. ఆమె మలుపు తిరిగిందో లేదో గడ్డాలయ్య తాడు కొరికేశాడు. చుక్కమ్మ అడ్డం పడింది, అరిచింది, కాళ్ళ మధ్య ఎగిరింది, గడ్డం పట్టుకుని వేలాడినంత పని చేసింది. ఆకలి ముందు కోడి అరుపు ఎవరు వింటారు? లేత కొసల దగ్గర మొదలుపెట్టి, ఆకులు, పూలు, కాయలు, తీగలు అన్నీ నమిలి, మధ్యాహ్నానికి బొటనవేలంత మోడు మిగిల్చి, తృప్తిగా త్రేన్చాడు. కంచె చేను మేసిందని సామెత. ఇక్కడ మేక కంచెనే మేసింది.

బుల్లెమ్మ వచ్చి చూసి లబోదిబోమంది. గడ్డాలయ్య వీపు మీద చీపురుకట్ట విరిగింది. కాయలు కూడా నమిలినందుకు అతని కడుపు అప్పటికే వేరే శిక్ష మొదలుపెట్టింది గనక చీపురు దెబ్బలు అంతగా తెలియలేదు. ఆమె నడుమ చిరిగిన ఒక పాత గోనె తెచ్చి కంతకి బయటివైపు అడ్డంగా కట్టింది. "ఆదివారం కంప తెప్పిస్తాను," అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

చుక్కమ్మ మోడు దగ్గర కూలబడింది. నిరుడు పుట్టిన పెట్ట, తీగ లేని పెరడు చూసి ఎరగదు. తన ఇల్లు, పిల్లల నీడ, దడి, అన్నీ ఒక్క పూటలో మేక కడుపులోకి పోయాయి. అంత దిగులు దానికి ఎన్నడూ కలగలేదు.

"ఏడవకే," అన్నాడు మైలయ్య తాత పాకలోంచి. "నేను ఈ పెరట్లోకి వచ్చాక ఆ తీగ చావడం ఇది మూడోసారి."

చుక్కమ్మ తలెత్తింది. "అంటే?"

ముసలాయన చాలాసేపు నెమరు వేశాడు. "ఒకసారి ఎండకి పోయింది. ఒకసారి దూడ తొక్కింది. రెండుసార్లూ వానలకి లేచింది. దాని కాపురం నేల కిందే. పైనున్నది వాకిట్లో ముగ్గులాంటిది."

"మళ్ళీ వస్తుందంటావా తాతా?"

"వేరుంటే వస్తుంది."

వేరుంటే! ఆ మాట పట్టుకుని చుక్కమ్మ పిల్లల్ని చేరదీసుకుంది. అప్పుడే సందె వాలుతోంది. బుల్లెమ్మ వీధి కుళాయి దగ్గర గడ్డాలయ్య ఘనకార్యం ఇరుగుపొరుగుకి చెప్పుకుంటోంది. గోనె ఒక అంచు మెల్లిగా పైకి లేచింది. దాని కింద నుంచి ముందు ముక్కు, తర్వాత నవ్వు, ఆ తర్వాత నక్కబావ మొత్తం లోపలికి వచ్చాడు.

"చెల్లెమ్మా! క్షేమమేనా?"

చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది. అరిస్తే బుల్లెమ్మ వస్తుంది. వచ్చేలోపు ఇద్దరో ముగ్గురో పోతారు. అరవకపోతే అందరూ పోతారు. చుక్కమ్మ గొంతులోకి వచ్చిన కేకని గుటక వేసి మింగేసింది.

"రా అన్నయ్యా. ఇన్నాళ్ళకి చెల్లెలి గడప కనిపించిందా?"

నక్కబావ తెల్లబోయాడు. అతను కేకలకి సిద్ధపడి వచ్చాడు గానీ మర్యాదలకి కాదు. "అదేంటే, నీకు భయం లేదా?"

"నోరారా చెల్లెమ్మా అన్నావు. అన్నని చూసి ఏ ఆడపిల్లైనా భయపడుతుందా? పిల్లలూ, మేనమామ వచ్చాడు, దణ్ణం పెట్టండర్రా!"

రెక్కల కింద నుంచి తొమ్మిది తలలు బయటికొచ్చి కియ్ కియ్ అన్నాయి. నక్కబావ నోట్లో నీళ్ళు ఊరి గడ్డం మీదకి జారాయి. "ఎంత ముద్దొస్తున్నారే! ఒక్కొక్కర్నీ ఎత్తుకోనా?"

"ఎత్తుకో, కాదనను. కానీ చూడన్నయ్యా, ఒక్కడైనా పట్టుమని గుప్పెడున్నాడా? బొచ్చు తీసేస్తే పంటి సందుకి చాలడు. నువ్వు ఒకడిని ఎత్తుకోగానే నేను ఊరుకున్నా నా గొంతు ఊరుకోదు. బుల్లెమ్మ పరిగెత్తుకొస్తుంది. తెల్లారేసరికి ఇక్కడ ముళ్ళకంప ఉంటుంది. ఒక్క బొచ్చుముద్ద కోసం ఇంతమంది మేనల్లుళ్ళని వదులుకుంటావా?"

నక్కబావ వెనక కాళ్ళ మీద కూర్చున్నాడు. ఆకలి ఒకటి చెబుతోంది, ఆశ ఇంకొకటి చెబుతోంది. అతని దగ్గర ఎప్పుడూ ఆశ మాటే చెల్లేది. "అయితే ఏం చెయ్యమంటావ్?"

"నేను పెంచుతాను. గింజ గింజా ఏరి పెడతాను. శ్రావణం వచ్చేసరికి ఒక్కొక్కడూ ఇంతింత తొడలేసుకుని తిరుగుతుంటాడు. అప్పుడు రా."

తన పిల్లల తొడల గురించి తనే మాట్లాడుతూ చుక్కమ్మ రెక్కలు ఇంకాస్త దగ్గరికి ముడుచుకుంది. భయం పైకి మాత్రం తేలనివ్వలేదు.

"శ్రావణం దాకా దేనికే? ఆషాఢంలో వస్తాను."

"శివశివా! మేనమామ తొలిసారి మేనల్లుళ్ళని చూడ్డానికి ఆషాఢంలో వస్తాడా? ఎవరైనా శుభమన్నది ఆషాఢంలో తలపెడతారా? పెద్దింటి నక్కవి, నీకు నేను చెప్పాలా?"

నక్కబావ జన్మలో పంచాంగం చూసినవాడు కాదు. అయితే అతన్ని దొంగ అన్నవాళ్ళున్నారు, జిత్తులమారి అన్నవాళ్ళున్నారు, పెద్దింటి నక్క అన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. ఆ మాట అతనికి చాలా నచ్చింది. పైగా ఆషాఢం కోడికంటే శ్రావణం కోడి బరువెక్కువ.

"అదీ నిజమేలే. పద్ధతి పద్ధతే," అన్నాడు గంభీరంగా. "మరి ఈలోగా ఆవిడ కంత మూయిస్తే?"

"ఎన్నేళ్ళ నుంచి మూయిస్తోందో ఎవర్ని అడిగినా చెబుతారు. గోనె కట్టింది, అదే కోటగోడ అనుకుంటోంది. నువ్వు మాత్రం ఇటు తిరగకు. నీ అడుగుజాడ కనిపించిందా, కుక్కని తెచ్చి కట్టేస్తుంది. ఏటి అవతల ఈతపళ్ళు పండాయిగా, తిని పడుకో."

నక్కబావ లేచాడు. వెళ్ళబోతూ మోడు దగ్గర ఆగాడు. చుక్కమ్మ గుండె కూడా ఆగింది.

"ఈ తీగ మళ్ళీ రాదు కదా?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా తనే పకపకా నవ్వాడు. "ఎవర్ని అడుగుతున్నాను! పొలాల్లో పుట్టి పెరిగినవాడిని. పెసర చూశాను, మినుము చూశాను, బొబ్బర చూశాను. కాయ కాసే తీగ ఏదైనా కాయ కాశాక చావాల్సిందే. ఇది కాయలూ కాసింది, మేకా మేసింది. ఇక దీనికి పుట్టుక ఎక్కడిది?"

చుక్కమ్మ ఔననలేదు, కాదనలేదు. తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన సగమే. వేరు సంగతి ఎద్దు చెప్పిన మాటే గానీ తను కళ్ళారా చూసింది కాదు.

"ఏడవకే పిచ్చిదానా. పోనీ వెళ్తూ వెళ్తూ ఈ మోడు కూడా పీకి పారేస్తాను, కాలికి అడ్డం లేకుండా."

"వద్దన్నయ్యా!" అంది చుక్కమ్మ. అన్న వెంటనే గొంతు తగ్గించింది. "గొయ్యి పడితే బుల్లెమ్మకి కంత గుర్తొస్తుంది. చూడకపోతే మర్చిపోయే మనిషి, ఎందుకు గుర్తుచెయ్యడం?"

"భలే దానివే. నీకు నా తెలివి వచ్చిందే!" అని మెచ్చుకుని నక్కబావ గోనె కింద నుంచి వెళ్ళిపోయాడు.

మృగశిర వచ్చింది. తొలకరి పడింది. పెరడంతా లేచి కూర్చుంది. గరిక మొలిచింది, తోటకూర మొలిచింది, ఎవరూ అడగని తుమ్మి మొక్కలు కూడా మొలిచాయి. మోడు మాత్రం మోడులాగే ఉంది. చుక్కమ్మ పొద్దున లేవగానే మొదట అక్కడికే పరిగెత్తేది. మట్టి గీరి చూసేది. ఏమీ కనపడకపోతే ఇంకాస్త గీరేది. తల్లి గీరిన చోట పిల్లలు ఇంకో నాలుగు గీతలు గీరేవి.

"పోయింది తాతా," అంది ఒకనాడు. "నీ మాట మీద నా పిల్లల్ని పందెం పెట్టాను."

మైలయ్య లేచి తాడు సాగినంత మేర వచ్చి మోడు వైపు చూశాడు. చుక్కమ్మ కాళ్ళ దగ్గర మట్టిలో చిన్న చిన్న తెల్లటి మొలకలు విరిగి పడున్నాయి.

"ఇవేంటే?"

"ఏవో వేళ్ళు. రోజూ వస్తున్నాయి."

"వేళ్ళు కాదే పిచ్చిముఖమా, అదే నీ తీగ! పాపం అది రోజూ లేస్తోంది, నువ్వు రోజూ విరుస్తున్నావు."

చుక్కమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"విత్తు మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూసుకునే రైతు ఏం తింటాడో తెలుసా?" అన్నాడు మైలయ్య.

"ఏం తింటాడు?"

"మట్టి."

ఆ రోజు నుంచి చుక్కమ్మ ఒక తపస్సు పట్టింది. కోడి పుట్టుకే గీరే పుట్టుక. కాళ్ళ కింద తడిమట్టి ఉంటే, ఆ మట్టిలో పురుగు కదులుతుంటే, గీరకుండా నిలబడటమంటే మాటలా? ఆ మూలకి పోవడమే మానేసింది. పిల్లలు అటు తిరిగితే ముక్కుతో మొట్టి ఇవతలికి తోలింది. కొన్నాళ్ళు దూరం నుంచి కూడా చూడలేదు, చూస్తే కాలు ఆగదని. బుల్లెమ్మ మాత్రం గిన్నెలు కడిగిన నీళ్ళు మోసుకొచ్చి పోస్తూనే ఉంది. అదేమిటో, కంప తెప్పించడానికి లేని ఓపిక ఆమెకి ఆ చెంబు మొయ్యడానికి మాత్రం ఉండేది.

ఆషాఢం ముసురులో ఒక పొద్దున ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ మూల ఏదో నీలంగా ఉంది!"

చుక్కమ్మ వెళ్ళి చూసింది. ఒక్క మోడు నుంచి ఎన్ని తీగలు లేచాయో! గోనె లోపలివైపంతా పాకి, గోనె పోగుల్లో చిక్కుకుని, పక్క పుల్లల్ని పట్టుకుని, వాటి మీద మళ్ళీ అవే మెలికలు తిరిగి, గోడ కట్టినట్టు నిలబడ్డాయి. మధ్యలో ఒక్క పువ్వు విచ్చుకుంది. చుక్కమ్మ ఆ పువ్వు కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు హాయిగా గురగురమంది. అంత సంతోషం పిల్లలు గుడ్డు పగలగొట్టిన రోజున కూడా కలగలేదు.

"చూశావా?" అన్నాడు గడ్డాలయ్య గడ్డం ఎగరేసి. "నిరుటికంటే రెండింతలు గుబురు! కొసలు తుంచితేనే తీగ గుబురెక్కేది. ఇదంతా నేను మేసిన మేత పుణ్యమే."

"పోనీ కాయలు కూడా మళ్ళీ మేస్తావా అన్నా?" అంది చుక్కమ్మ.

గడ్డాలయ్య కడుపు నిమురుకుని వేరే మాట ఎత్తుకున్నాడు.

శ్రావణం వచ్చింది. నక్కబావ అన్న మాట ప్రకారం సందె వాలగానే బయలుదేరాడు. ఒంటరిగా కాదు, ఆశతో పాటు గొప్ప కూడా పుట్టింది గనక, భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకున్నాడు.

"మా చెల్లెలి ఇంట్లో విందు," అన్నాడు దారి పొడవునా. "తొమ్మిది మంది మేనల్లుళ్ళు. పెంచి, బలిపించి, పిలిచి పెడుతోంది. ఇలాంటి మర్యాద మీ ఇంటావంటా ఉందా?"

"దడి ఉండదా బావా?" అన్నాడు బావమరిది.

"దడి లేదు, గిడి లేదు. ఒక గోనె. కళ్ళు మూసుకుని దూకొచ్చు. అదిగో, నేను వదిలి వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది చూడు."

బయటి నుంచి చూస్తే నిజంగానే అలాగే ఉంది. అదే పాత గోనె, అదే చిరుగు. లోపలివైపు సంగతి బయటివాడికి ఎలా తెలుస్తుంది? మెల్లిగా అంచు ఎత్తి దూరిపోతే అప్పుడైనా తెలిసేది. కానీ బావమరిది చూస్తున్నాడు. పెద్దింటి నక్క దొంగలా వంగి దూరుతాడా? నాలుగడుగులు వెనక్కి వేసి, తోక జాడించి, పరిగెత్తుకొచ్చి, ఎగిరి ఆ చిరుగు మధ్యలోకి దూకాడు.

తల ఇవతలికి వచ్చింది. మెడ వచ్చింది. భుజాలు రాలేదు. వెనక్కి లాగబోతే చెవులు అడ్డం తన్నాయి. ముందుకు తోస్తే మెడ చుట్టూ తీగ బిగిసింది. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు.

ఎదురుగా చుక్కమ్మ నిలబడి ఉంది. వెనకాల నిగనిగలాడుతూ ఎదిగిన తొమ్మిది పిల్లలు.

"రా అన్నయ్యా," అంది చుక్కమ్మ. "శ్రావణానికి వస్తానన్నావు, వచ్చావు. మాట మీద నిలబడే నక్కవి."

"ఇదేంటే ఇది? ఇది చచ్చిపోయిందన్నావు కదే!"

"నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు. నేను ఏడ్చానంతే."

నక్కబావ ఆ వేసవి సాయంత్రమంతా ఒకసారి తిరిగి తలుచుకున్నాడు. నిజమే, తనే అన్నాడు. పెసర, మినుము, బొబ్బర అని లెక్క చెప్పి మరీ అన్నాడు.

"తల్లీ, బుద్ధి తక్కువై వచ్చాను," అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "ఆ తీగ కాస్త కొరికి వదిలించు. ఇంక మీ ఛాయలకి రాను. నువ్వు నాకు చెల్లెలివి కాదా?"

"చెల్లెల్నే అన్నయ్యా. మేనమామ ఇన్నాళ్ళకి వచ్చాడు, పిల్లలు ముద్దు చెయ్యొద్దూ? పిల్లలూ, ఇప్పుడు గీరండర్రా!"

కాళ్ళ దురద అణుచుకుని అణుచుకుని ఉన్న తొమ్మిది పిల్లలు ఒక్కసారిగా మేనమామ ముక్కు మీద పడ్డాయి. ముక్కు, కనుబొమలు, చెవులు, ఎక్కడ వీలైతే అక్కడ గీరాయి. చుక్కమ్మ ఆ వేసవిలో మింగిన కేకని ఇప్పుడు పైకి తీసింది. గడ్డాలయ్య అరిచాడు. మైలయ్య రంకె వేశాడు. బుల్లెమ్మ గడకర్ర పట్టుకుని, "ఎవడ్రా నా పూలతీగ తొక్కింది!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

మొదటి దెబ్బ నెత్తిన పడింది. రెండో దెబ్బకి నక్కబావ, చెవి వెంట్రుకలు తీగకే వదిలేసి, బయటికి ఊడిపడ్డాడు. మెడలో గోనె పీలికలు, రెండు మూరల తీగ, దానికి వేలాడే నీలం పూలు. అలాగే ఏటి వైపు పరుగు లంకించుకున్నాడు. బావమరిది అతనికంటే ముందే గట్టు ఎక్కి కూర్చున్నాడు.

"బావా," అన్నాడు ఎగాదిగా చూసి, "విందు సంగతి ఏమో గానీ, మీ చెల్లెలు పూలదండ వేసి మరీ పంపిందే!"

నక్కబావ ఒగరుస్తూ మెడలో తీగ లాగి పారేసి గుట్ట దారి పట్టాడు.

నేల మీద కనిపించేదే లెక్క అనుకునేవాడికి నేల కింద ఉన్నదే బుద్ధి చెబుతుంది.